క్రియ చివర

పేజీకి నూట ఇరవై అన్నారు.
యర్రముక్కపల్లెలో మేడ మీద గది, పైన రేకులు,
రాత్రి పదకొండుకు కూడా చల్లారని మే నెల.
ముందర ఎవరో తెల్లదొర రాసిన లావాటి నవల.

ఎడారి. గుర్రాలు. తొమ్మిదిమంది మగవాళ్లు
తలకింత అని కూలి మాట్లాడుకుని
ఏటికి అవతలి ఊరిని మాపేసి వస్తారు.
ఎవరి ముఖంలోనూ ఏమీ ఉండదు.
ఉన్నదంతా ఆకాశంలోనే పెట్టాడాయన,
పొద్దు గుంకడానికే పేజీన్నర.
చదువుతుంటే, దాచుకోవడం దేనికి, ఒళ్లు పులకరించింది.
ఆ తరవాత రోంత సిగ్గేసింది.

నూట అరవై రెండో పేజీలో ఆగిపోయాను.
‘మనిషి చంపబడ్డాడు’ అని రాసి కొట్టేశాను.
బడ్డాడు ఏంది,
చీకట్లో కాలు జారి గుంతలో పడ్డట్టు.

మా పక్క, జమ్మలమడుగు దాటినాక నాపరాళ్ల గనుల పక్క,
చంపినారు అనే మాటే వినపడేది కాదు.
ఏసేసినారు అనేవాళ్లు అంగడి కాడ.
లేపేసినారు అనేవాళ్లు, మూట లేపినట్టు.
ఆడవాళ్లయితే గొంతు తగ్గించి
ఆయప్ప అయిపోయినాడంట అనేవాళ్లు,
డబ్బాలో చక్కెర అయిపోయినట్టు.
విచారణకొచ్చిన ఎస్సై ‘సంఘటన’ అని రాసుకుని
మజ్జిగ తాగి పోయినాడు.

మద్దిలేటి పొద్దుటూరు నుంచి వస్తున్నాడు ఆ మాపున.
పిండిమర బెల్టు తెగిపోతే కొత్తది కొని
దండలాగా భుజాన ఏసుకుని, సైకిలు మీద.
ఆయన ఎవరి మనిషీ కాదు.
ఆయన బామ్మర్ది ఒకరి మనిషి.

గనిలో పేర్చిన రాళ్ల వెనక నలుగురు.
హుసేనయ్య, వాళ్లన్న, పేరు తెలియని ఇద్దరు.
ఫ్లాస్కులో టీ తెచ్చుకున్నారు.
ఒకడు చెప్పు తెగిందని పిన్నీసు అడిగాడు.
అంతే. గుర్రాల్లేవు.
శనగచేలో కొంగలు ఏవో ఏరుకుంటున్నాయి.
ఆ పొద్దు ఎట్లా గుంకిందో నాకు జ్ఞాపకం లేదు,
ఈ దొరకెట్లా జ్ఞాపకమో.

అరుపు ఒకటే వచ్చింది. అదీ పూర్తిగా రాలేదు.

నాలుగు నెలలకు మర మళ్లా తిరిగింది.
స్టేషన్లో బిల్లు చూపించి, సంతకం పెట్టి,
ఆయన పెండ్లాం లచ్చుమక్క ఆ బెల్టే ఇడిపించుకొచ్చింది.
కడిగి తగిలించింది. కొత్తది కొనేదానికి దుడ్లు యాడివి?
అమ్మ జొన్నల గంప నా నెత్తిన పెట్టి పంపింది.
బెల్టు తిరిగేటప్పుడు అతుకు దగ్గర టప్పు టప్పుమనేది.
లచ్చుమక్క చెంపల మీద, రెప్పల మీద పిండి.
చదువుకునే పిల్లోడివి, ఉండనీలే అని
అర్ధరూపాయి తిరిగి నా జేబులోనే వేసింది.
ఆ రాత్రి రొట్టెలు మెత్తగా వచ్చినాయి.
మూడు తిన్నాను.

అచ్చేసేవాళ్లు ఫోన్ చేశారు, ఆ అధ్యాయం అయిందా అని.
చీకటి బాగా పలకాల సార్, మూలంలో ఉన్నట్టే, అన్నారు.
పలుకుతుందిలేండి అన్నాను.

తెలుగులో ఒక వెసులుబాటు ఉంది.
కర్తను వదిలేసినా వాక్యం పడిపోదు.
‘వాళ్లు’ ఎగ్గొట్టొచ్చు, ‘నేను’ ఎగ్గొట్టొచ్చు,
ముప్పై ఒక్క ఏళ్లు ఆ సందులోనే కాపురమున్నాను.
కానీ క్రియ చివర ఒక తోక ఉంటుంది.
ఎంత లోపలికి దూరినా
అది బయటనే ఉండిపోతుంది.

నవల మూసి
తెల్లకాగితం మీద రాస్తున్నాను:

పదిహేనేళ్లు. కల్వర్టు గోడ మీద కూర్చుని
సైకిలు కనపడంగానే
రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని
ఈలేసినాను.